మునిసిపాలిటీ వద్దన్న ఊళ్లు: గుంటూరు జిల్లా ధిక్కారం, 1921–22

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేయాలని నిర్ణయించింది. అప్పటిదాకా ఈ రెండూ పక్కనున్న జాండ్రపేట, వీరరాఘవపేటలతో కలిసి ఒక యూనియన్ కింద ఉండేవి. యూనియన్‌కు ఏటా వసూలయ్యే పన్ను సుమారు 4,000 రూపాయలు. మునిసిపాలిటీ అయితే అది 40,000కు చేరుతుందని లెక్క తేలింది. రెండూళ్ల జనాభా 15,000కు కాస్త పైన. అందులో ఎక్కువమంది నేతపనివారు, చిన్న వ్యాపారులు, కూలీలు. పదింతలు పెరిగే పన్నును మోయవలసింది వాళ్లే.

నూనెలో నానబెట్టి, చిరువేరు ఎరుపు అద్ది నేసిన చీరాల తేలియా రుమాళ్లకు అరబ్బు దేశాల్లో మంచి గిరాకీ ఉండేది. అయితే సముద్రాలు దాటిన ఆ సరుకు లాభమంతా నేతగాడి గడపలోకి రాలేదు. నూలు షావుకారు దగ్గర అప్పు, నేసిన గుడ్డ మళ్లీ షావుకారుకే. నేతగాడి ఇల్లూ పనిచోటూ ఒకటే. ముందు గదిలో గుంట తవ్వి మగ్గం బిగిస్తే మిగిలిన చోటులోనే సంసారం సాగాలి. ఇంటిపన్ను పెరిగిందంటే అతనికి తలదాచుకునే చోటూ పొట్టపోసుకునే చోటూ రెండూ భారమైనట్టే. ఇంత పన్ను కట్టి మేము పొందేదేమిటని ఊరివాళ్లు అడిగారు. అది సముద్రానికి దగ్గర్లోని ఇసుక నేల, కాస్త తవ్వితే మంచినీళ్లు పడతాయి, వాన నీరు నిలవకుండా ఇంకిపోతుంది. మునిసిపాలిటీ తెస్తానంటున్న సౌకర్యాల్లో సగం నేలే ఇస్తోందని వాళ్ల వాదన. అర్జీలు పెట్టారు. ప్రభుత్వం పట్టించుకోలేదు. 1920 నాటికి మునిసిపాలిటీ అమల్లోకి వచ్చింది.

ఈ తగవులో ప్రజలకు ఎదురుగా నిలిచింది దొరలు మాత్రమే కాదు. 1919 చట్టంతో రాష్ట్రాల్లో ద్వంద్వ ప్రభుత్వం వచ్చింది. పోలీసు, ఖజానా, భూమిశిస్తు వంటివి గవర్నరు చేతిలోనే ఉంచుకుని, విద్య, ఆరోగ్యం, స్థానిక స్వపరిపాలన వంటి శాఖలను దేశీయ మంత్రులకు అప్పగించారు. మద్రాసులో 1920 డిసెంబరులో జస్టిస్ పార్టీ మంత్రివర్గం ఏర్పడింది. స్థానిక స్వపరిపాలన మంత్రి పానుగంటి రామరాయణింగారు, అంటే పానగల్ రాజా. ఆయన తెలుగువాడు. 1921 జులైలో ముఖ్యమంత్రి కూడా అయ్యారు. బ్రాహ్మణేతరులకు చదువుల్లో, ఉద్యోగాల్లో చోటు కోసం నిలబడ్డ పార్టీ ఆయనది. ఆ పార్టీ చేసిన మేలు చిన్నది కాదు. కానీ చీరాల విషయంలో ఆయన వెనక్కి తగ్గలేదు. అక్కడి ఆందోళనను కాంగ్రెసువారి రెచ్చగొట్టుడుగానే చూశారు. స్వపరిపాలన పేరుతో వచ్చిన సంస్థ ఊరి అభిప్రాయం అడగకుండా ఊరి నెత్తిన కూర్చుంటే అది ఎవరి స్వపరిపాలన అన్న ప్రశ్నకు మాత్రం సమాధానం రాలేదు.

ఈ అసంతృప్తికి ఒక రూపం ఇచ్చినవారు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889 జూన్ 2న కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివారు. కళాతత్వవేత్త ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెచ్చారు. అది 1917లో అచ్చయింది. దేశానికి తిరిగొచ్చాక రాజమండ్రిలో, తర్వాత బందరు జాతీయ కళాశాలలో పాఠాలు చెప్పారు కానీ ఎక్కడా ఇమడలేదు. చీరాల చేరి ఆంధ్ర విద్యాపీఠ గోష్ఠి నడిపారు. జనంతో మాట్లాడేటప్పుడు ఆయన జానపద కళలనూ ఆశుకవిత్వాన్నీ వాడుకున్నారు. సభలో ఒక పద్యం విసిరితే అది మర్నాటికి ఊరంతా తిరిగేది. ఆయన కూర్చిన స్వచ్ఛంద దళం పేరు రామదండు. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, నుదుట సిందూరం వాళ్ల వేషం. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాలకు లక్షల్లో వచ్చిన జనాన్ని అదుపులో పెట్టింది ఈ రామదండే. లాఠీ లేకుండా జనసమూహాన్ని నడిపించగల శక్తి ఒక నాయకుడి వెనక ఉందని ప్రభుత్వానికి అక్కడే అర్థమైంది.

అప్పటికే చీరాలలో పన్ను నిరాకరణ మొదలైంది. కౌన్సిలర్లు రాజీనామా చేశారు. ప్రభుత్వం జీతమిచ్చి ఒక చైర్మన్‌ను నియమించింది. పన్ను కట్టనందుకు 12 మందిని అరెస్టు చేసి శిక్ష వేశారు. వాళ్లలో ఒక స్త్రీ ఉన్నారు, పేరు రావూరి అలమేలుమంగతాయారమ్మ. రాజకీయ కారణంతో దేశంలో జైలుకు వెళ్లిన తొలి మహిళ ఆమేనని చెబుతారు. పేరున్న కుటుంబాల స్త్రీలు ఉప్పు సత్యాగ్రహంలో వందలాదిగా జైళ్లకు వెళ్లడానికి ఇది దాదాపు పదేళ్ల ముందటి మాట. గోపాలకృష్ణయ్య జీవిత విశేషాలు ఇన్ని పుస్తకాలకెక్కినా ఆమె గురించి చరిత్రలో మిగిలింది ఈ ఒక్క వాక్యమే కావడం బాధాకరం.

బెజవాడ సమావేశాలు ముగిశాక 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చారు. ఏం చేయమంటారని ఊరివాళ్లు అడిగారు. ఆయన రెండు దారులు చెప్పారు. ఒకటి, పన్ను కట్టకుండా శాంతియుతంగా శిక్షలన్నీ భరించడం. రెండోది, మునిసిపాలిటీ హద్దులు దాటి ఊరు విడిచి వెళ్లిపోవడం. ఏది చేసినా అది మీ సొంత బలంతోనే చేయాలని, కాంగ్రెస్ సాయం మీద ఆశ పెట్టుకోవద్దని కూడా హెచ్చరించారు. రెండో దారి ఎవరైనా నిజంగా పడతారని అప్పుడు ఎంతమంది అనుకున్నారో గానీ, చీరాల పడింది.

ఏప్రిల్ చివరికి వలస మొదలైంది. 15,000కు పైబడిన జనంలో 13,000 మందికి పైగా తాతల నాటి ఇళ్లకు తాళాలు పెట్టి హద్దు దాటారు. మునిసిపాలిటీ చట్టం దాని గీత లోపలే చెల్లుతుంది. గీత అవతలి వాడి ఇంటిమీద పన్ను వేసే హక్కు దానికి లేదు. ప్రభుత్వాన్ని ఒక్క రాయి విసరకుండా, ఒక్క చట్టం మీరకుండా ఖాళీ ఊరికి అధికారిని చేయడంలోని తెలివి ఇదే. హద్దు బయట తాటాకు పాకలతో వీధులు తీర్చి కట్టిన కొత్త ఊరికి రామనగరం అని పేరు పెట్టారు.

రామనగరం కేవలం శిబిరం కాదు. కులాలవారీగా ప్రతినిధులను ఎన్నుకుని ఒక సభ ఏర్పాటు చేసుకున్నారు. తగవులు ఆ సభ ముందే తీరేవి. రాత్రి గస్తీ రామదండు చూసేది. భజనలు, కథాకాలక్షేపాలు సాగేవి. అంతమాత్రాన అక్కడి బతుకు పండగలా సాగిందనుకుంటే ఆ జనానికి అన్యాయం చేసినట్టే. వలస వెళ్లింది వేసవి నడిమిలో. రోహిణి కార్తె ఎండలకు తాటాకు పాకలో పసిపిల్లలతో, ముసలివాళ్లతో ఉండటం, నిప్పురవ్వ ఎగిరితే వరసంతా అంటుకుంటుందన్న భయం మొదటి పరీక్ష. తర్వాత వానలు. గుంట మగ్గానికి పొడి నేల కావాలి. గుంటలో నీరు ఊరితే పని ఆగిపోతుంది, పడుగు చెమ్మ పట్టి పాడవుతుంది. పని ఆగితే కూలి లేదు, కూలి లేకపోతే షావుకారు అప్పు పెరుగుతుంది. ఆస్తిపరుడు ఊరు విడిచి ఏడాదైనా తట్టుకోగలడు. మగ్గం మీద బతికేవాడు విడిచింది ఇల్లు మాత్రమే కాదు, నెలనెలా వచ్చే తిండిగింజలు కూడా. ఈ కష్టంతో 11 నెలలు గడిపారు. ఈ ఉద్యమాన్ని గోపాలకృష్ణయ్య ఒక్కరి గాథగా చెప్పడం అలవాటైపోయింది. ఆయన ప్రతిభ కాదనలేనిదే. కానీ ఆ 11 నెలల బరువు మోసింది పేరు తెలియని నేతగాళ్ల ఇళ్లలోని ఆడవాళ్లు.

రామనగరం నిలవాలంటే డబ్బు కావాలి. గోపాలకృష్ణయ్య చందాల కోసం జిల్లాలు తిరిగారు. సెప్టెంబరు చివర గంజాం జిల్లా బరంపురంలో ప్రసంగించరాదని ఇచ్చిన ఉత్తర్వును ధిక్కరించినందుకు ఆయనను అరెస్టు చేశారు. ఏడాది శిక్ష వేసి తిరుచిరాపల్లి జైలుకు పంపారు. నాయకుడు లేడు, నిధులు లేవు, పాకలు శిథిలమవుతున్నాయి. పైగా 1922 ఫిబ్రవరిలో గాంధీ సహాయ నిరాకరణను ఆపేశారు. మెల్లగా ఒక్కో కుటుంబమే పాత ఇంటి తాళం తీసింది. గోపాలకృష్ణయ్య జైలు నుంచి వచ్చాక కూడా ఆ బలం మళ్లీ కూడలేదు. 1928 జూన్ 10న, 39 ఏళ్ల వయసులో, క్షయతో, పేదరికంలో కన్నుమూశారు.

అదే 1921లో గుంటూరు జిల్లా పడమటి అంచున పల్నాడులో మరో పోరు నడిచింది. అక్కడ తగవు అడవి మీద. మెట్ట పైరు నమ్మలేని ఆ సీమలో పశువే ఆస్తి. అడవులను రిజర్వు చేసిన ప్రభుత్వం పశువు మేయడానికి పుల్లరి కట్టమంది. అనుమతి చీటీ లేని పశువు బందెలదొడ్డికి పోయేది, విడిపించుకోవాలంటే జరిమానా. చీటీ ఉన్నా కింది ఉద్యోగికి మామూలు ముట్టకపోతే తిప్పలు తప్పేవి కావు. మాచెర్ల, వెల్దుర్తి, రెంటచింతల ప్రాంతాల్లో రైతులు పుల్లరి మానేసి మందలను అడవిలోకి తోలారు. ఊళ్లోకి వచ్చిన అధికారులకు కట్టుబాటు విధించారు. చాకలి బట్టలు ఉతకడు, మంగలి గడ్డం గీయడు, కోమటి బియ్యం అమ్మడు. పరిస్థితి చూసి రమ్మని జిల్లా కాంగ్రెస్ ఉన్నవ లక్ష్మీనారాయణను, వేదాంతం నరసింహాచారిని పంపింది. మాచెర్లలో వారిద్దరినీ అరెస్టు చేసి, మంచి నడవడికకు జామీను ఇమ్మన్నారు. ఇవ్వబోమన్నందుకు జైలుకు పంపారు.

మూడో పోరు బాపట్ల తాలూకా పెదనందిపాడు ఫిర్కాలో. పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు 1922 జనవరికి శిస్తు కట్టడం ఆపేశారు. ఊళ్ల మధ్య కబురు మోయడానికి, శాంతి చెడకుండా చూడటానికి శాంతిసేన అనే దళం ఏర్పడింది. ఇక్కడ ప్రభుత్వానికి నిజంగా చెమటలు పట్టించింది గ్రామోద్యోగుల రాజీనామాలు. శిస్తు వసూలు యంత్రమంతా ఊళ్లో ఇద్దరి మీద నడిచేది. ఏ పొలం ఎవరిది, ఎంత దిగుబడి, ఎంత బాకీ అన్నది కరణం లెక్కల్లో ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి డబ్బు రాబట్టి తాలూకా ఖజానాకు పంపేవాడు మునసబు. వాళ్లిద్దరూ పక్కకు తప్పుకుంటే తహశీల్దారు ఊళ్లోకి వచ్చినా ఏ గడప తొక్కాలో తెలియదు. జప్తు చేసిన పశువును వేలం వేస్తే పాడేవాడు లేడు. ప్రభుత్వం సైన్యాన్ని దించింది. రూథర్‌ఫర్డ్ అనే అధికారి ఒకపక్క బెదిరింపు, మరోపక్క బుజ్జగింపు నడిపారు. రాజీనామా వెనక్కి తీసుకోకపోతే వంశపారంపర్యంగా వస్తున్న ఉద్యోగం మీ ఇంటికి ఇక ఉండదని కరణాలకు, మునసబులకు చెప్పించారు. తరతరాల హోదా పోతుందన్న మాట సైన్యం కంటే గట్టిగా పనిచేసింది.

కాంగ్రెస్ పెద్దలు ఈ పోరును పూర్తిగా సొంతం చేసుకోలేదు. 1921 నవంబరు ఢిల్లీ సమావేశంలో శాసనోల్లంఘనకు కొన్ని షరతులు పెట్టారు. ఖద్దరు కట్టాలి, నూలు వడకాలి, హిందూ ముస్లిం ఐక్యత ఉండాలి, అహింస తప్పకూడదు, అంటరానితనం పోవాలి. గుంటూరు ఈ షరతులు నెరవేర్చిందా అన్నది గాంధీ సందేహం. అనుమతి ఇవ్వాలా, ఆపాలా అన్న తర్జనభర్జనలో కొండ వెంకటప్పయ్య వంటి పెద్దలు నలిగిపోయారు. ఫిబ్రవరి రెండో వారానికి పన్నుల నిరాకరణ ఆగిపోయింది. ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జనం పోలీసు ఠాణాకు నిప్పు పెట్టి 22 మందిని చంపారు. 12వ తేదీకల్లా బార్డోలీలో దేశమంతటా ఉద్యమాన్ని నిలిపివేస్తూ తీర్మానం చేశారు. పల్నాడు మాత్రం వెంటనే చల్లారలేదు. ఫిబ్రవరి ఆఖరి రోజుల్లో మించాలపాడు దగ్గర పోలీసులు కన్నెగంటి హనుమంతును కాల్చి చంపారు. పుల్లరి కట్టనన్న ఆ రైతు పేరు పల్నాడు పాటల్లో నేటికీ వినిపిస్తుంది.

ఈ మూడు పోరాటాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విషయం కళ్లకు కడుతుంది. మూడింటికీ బలం ఊరి కట్టుబాటు. ఊరంతా ఒక్క మాట మీద నిలబడితే ఒంటరి తహశీల్దారు చేయగలిగేది లేదు. కానీ ఆ ఒక్క మాట ఎవరిది? పల్నాడులో అధికారికి బట్టలు ఉతకవద్దని చాకలిని ఆదేశించింది ఊరి పెద్దలు. అదే పెద్దలు మామూలు రోజుల్లో అతనికి గింజలు కొలిచి, అతని మంచిచెడ్డలు నిర్ణయించేవారు. కరణం, మునసబు రాజీనామా ప్రభుత్వాన్ని వణికించిందంటే దానర్థం ఊరిమీద అసలు పెత్తనం వాళ్లదేనని. దొరతనాన్ని ఎదిరించిన చేతిలోనే ఊరి దొరతనం ఉంది. అంటరానితనం పోవాలన్న షరతు అన్నిటికంటే కఠినమైనది కావడానికి కారణం ఇదే. ఖద్దరు కట్టుకోవడానికి ఒక రోజు చాలు. మాలపల్లె, మాదిగపల్లె ప్రజలను ఊరి బావి దగ్గరకు రానివ్వడానికి ఊరి పెద్ద తన అధికారాన్నే వదులుకోవాలి.

ఆ ప్రశ్నను నేరుగా పట్టుకున్నది పల్నాడు వెళ్లి జైలు పాలైన ఉన్నవ లక్ష్మీనారాయణే. 1877లో గుంటూరు జిల్లా వేములూరుపాడులో పుట్టిన ఆయన గుంటూరులో వితంతు వివాహాల కోసం పనిచేసి, తర్వాత బారిస్టరు చదువుకు డబ్లిన్ వెళ్లారు. ఐర్లండులో ఇంగ్లీషువారి మీద తిరుగుబాటు రగులుతున్న రోజులవి. అక్కడి గాలి, తర్వాత రష్యా విప్లవపు వార్తలు, గాంధీ మాట, ఆళ్వారుల భక్తి అన్నీ ఆయనలో కలిసిపోయాయి. రాయవేలూరు జైల్లో కూర్చుని ఒక నవల రాశారు. పేరు 'మాలపల్లి'. 'సంగవిజయం' అనేది దానికి రెండో పేరు. 1922లో అచ్చయింది.

అప్పటిదాకా తెలుగు నవలలో మాలవాడు ఊరి అంచున కనిపించి మాయమయ్యే మనిషి. ఇక్కడ రామదాసు అనే మాల భక్తుడి ఇల్లే కథకు కేంద్రం. రామదాసు చిన్న కొడుకు సంగదాసు, భూస్వామి చౌదరయ్య కొడుకు రామానాయుడు స్నేహితులు. గింజల ధర పెరిగిన కాలంలో పాలేర్లకు, కూలీలకు గింజలకు బదులు డబ్బు ఇవ్వాలని చూస్తారు మోతుబరులు. ఇది కట్టుకథ కాదు. మొదటి యుద్ధం తర్వాత ధరలు మండిపోయినప్పుడు గింజ కూలి దొరికినవాడు బతికాడు, రూపాయి కూలి తీసుకున్నవాడు పస్తున్నాడు. కూలీలు పనిలోకి రామంటారు. వాళ్ల పక్షాన నిలిచిన సంగదాసును చౌదరయ్య కోపంలో కొట్టి చంపుతాడు. అన్న వెంకటదాసు తక్కెళ్ల జగ్గడన్న పేరుతో ఉన్నవాళ్లను దోచి లేనివాళ్లకు పంచే దారి పడతాడు, చివరికి జైల్లో చనిపోతాడు. రామదాసు మాత్రం క్షమ వదలడు. ఈ ముగ్గురి దారుల్లో ఏది సరైనదో రచయిత తేల్చి చెప్పినట్టు కనిపించదు. ఆయన మనసు రామదాసు వైపు మొగ్గినా, కథ నడక వెంకటదాసు కోపానికి కూడా న్యాయం చేస్తుంది. నవలకున్న గొప్ప బలం ఈ తేలకపోవడమే. భాష కూడా ధిక్కారమే. పండితులు గ్రాంథికం తప్ప కావ్యభాష లేదని పట్టుబట్టిన కాలంలో ఉన్నవ గుంటూరు పల్లె మాటను నవలకెక్కించారు.

రామదాసు ఇల్లు ఎంత దగ్గరగా కనిపించినా దాన్ని చూసిన కన్ను ఊళ్లోని అగ్రకులపు సంస్కర్తది అన్న మాట మరవరాదు. మాలవాడి ఔన్నత్యం చూపడానికి అతన్ని భక్తుడిగా, శాంతమూర్తిగా తీర్చవలసి వచ్చింది. రెండు దశాబ్దాలు తిరగకముందే గుర్రం జాషువా 'గబ్బిలం'లో ఆ గొంతు లోపలి నుంచే పలికింది. అయినా 1922లో ఒక కాంగ్రెస్ బారిస్టరు, ఇంగ్లీషు ప్రభుత్వంతో పోరాడి జైల్లో ఉండగా, ఊరి మోతుబరి రైతు చేతిలోనే హత్య చేయించి కథ నడపడానికి గుండెధైర్యం కావాలి. నాటి జాతీయ నాయకులు చాలామంది ఊళ్లోని తగవులు స్వరాజ్యం వచ్చాక చూసుకుందామన్నారు.

ప్రభుత్వం ఆ పుస్తకంలోని ప్రమాదాన్ని త్వరగానే పసిగట్టింది. బోల్షివిక్ భావాలను ప్రచారం చేస్తోందన్న ఆరోపణతో 1923లో నిషేధించింది. కొన్ని మార్పులతో 1928లో మళ్లీ అచ్చుకు వీలు కలిగింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం దాన్ని పాఠ్యగ్రంథంగా పెట్టగా 1936లో మరోసారి వేటు పడింది. విద్యార్థులు చదవడానికి వీల్లేదని తేల్చారు. 1937లో రాజగోపాలాచారి నాయకత్వంలో కాంగ్రెస్ మంత్రివర్గం మద్రాసులో అధికారానికి వచ్చాక నిషేధం తొలగింది. ఉన్నవ ఈలోగా భార్య లక్ష్మీబాయమ్మతో కలిసి గుంటూరులో 1922లో స్థాపించిన శారదా నికేతనంలో ఆడపిల్లలకు చదువు చెప్పిస్తూ ఉండిపోయారు. 1958లో కన్నుమూశారు.